అవ్వ పెత్తనం

సారా వ్యతిరేక ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట దగ్గర మొదలుపెడతారు. అక్షరదీపం రాత్రిబడులు, వాచకంలో సీతమ్మ కథ, సారా కొట్లు మూయించిన ఆడవాళ్ళు, 1993లో రాష్ట్రమంతా సారా బంద్. అంతా నిజమే. కానీ మొగుళ్ళ మీద ఆడవాళ్ళు నోరెత్తింది అప్పుడే అన్నట్టు రాస్తే ఒప్పుకోను. మా మాదిగవాడలో ఆ నోరు అంతకుముందే ఉంది.

ఇంట్లో మా అవ్వ మాటే చెల్లేది. ఎవరి చేలోకి నాట్లకు పోవాలో, ఎక్కడ అప్పు తేవాలో, ఏ బిడ్డను ఎవరికివ్వాలో ఆమే తేల్చేది. తాత కూలిడబ్బులు ఆమె చేతిలోనే పెట్టేవాడు. తాగొస్తే చీపురు తిరగేసేది. "మీ ఆడోళ్ళు మొగుళ్ళనాడిస్తార్రా" అని రెడ్లు నవ్వేవాళ్ళు. చదువుకున్న అగ్రకులాల వాళ్ళు కొందరు దీన్నే దళిత స్త్రీ స్వేచ్ఛ అన్నారు. ఏం స్వేచ్ఛ? సెంటు భూమి లేని ఇంట్లో ఇద్దరి రెక్కలాడితేనే పొయ్యి వెలుగుద్ది. ఆ రెక్కల్లోంచి వచ్చిందే ఆ పెత్తనం. 1986లో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది. మా వాడలో పంచుకోడానికి ఏముంది, అప్పు తప్ప?

ఆ పెత్తనానికి గిరి గీసింది కూడా ఊరే. అదే అవ్వ రెడ్డి వాకిట్లో పైట కప్పుకుని తాత వెనకాల నిలబడి "ఆయన్నడగండయ్యా" అనేది. కులపెద్దల ముందు తాత మాట్లాడేవాడు, ఆ మాటలు రాత్రి అవ్వ చెప్పినవే. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా ఆమె కూలి తాత కూలికన్నా తక్కువే. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది. మొగోడికి నలుగురిలో తలవంపులు రాకూడదని ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. పెత్తనం ఎట్లా చెయ్యాలో మాత్రం గట్టుమీద రెడ్డిని చూసి నేర్చుకుంది. ఆమెకు తెలిసిన పెత్తందారు ఇంకెవరు? మా అమ్మ మీద అవ్వ అరిచే అరుపు అచ్చం ఆ గట్టుమీది అరుపే.

అందుకే సారా ఉద్యమం నాకు వేరేగా పెద్దది. ఇంట్లో మాట ఊరి నడిబజారులోకి, మొగోడి చాటు లేకుండా వచ్చింది. 1995లో తెచ్చిన మద్యనిషేధాన్ని 1997లో సడలించారు. వాడల్లో ఆడవాళ్ళు మళ్ళీ వెనకవరసకే పోయారు.

ఇప్పుడు నాకు గవర్నమెంటు జీతం. మా ఆయన ఆటో తోల్తాడు. "జీతం ఆయన చేతికిస్తావా?" అని స్టాఫ్‌రూములో నన్నడుగుతారు, మగ టీచర్లను ఎవరూ అడగరు. అమ్మేమో "షాపులో డబ్బులు అబ్బాయి చేత ఇప్పించు" అంటది.

2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటిపెద్దగా ఆడమనిషినే రాయమంది. అమ్మ కార్డులో అమ్మే ఇంటిపెద్ద. అయినా సర్వేకొచ్చినోళ్ళు ఇంటిపెద్ద ఎవరని అడిగితే, మంచంమీద పడుకున్న నాయన్ని లేపి కూర్చోబెడతది.