విదేశాలకు వెళ్లి వీడియో జర్నలిజం నేర్పాలంటే: సింగరేణి ప్రాంత యువత తెలుసుకోవాల్సిన విషయాలు

గోదావరిఖని, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ వైపు ఇప్పుడు ఫోన్‌తోనే వార్తలు చేసే పిల్లలు చాలామంది కనిపిస్తారు. షూటింగ్, ఎడిటింగ్, వాయిస్ ఓవర్ అంతా ఒక్కరే చూసుకుంటారు. దీన్నే మొబైల్ జర్నలిజం, పొట్టిగా 'మోజో' అంటున్నారు. బాగా పట్టు దొరికినవాళ్లు కొత్తవాళ్లకు నేర్పుతున్నారు కూడా. ఇదే పనికి గల్ఫ్ నుంచో, ఆఫ్రికా నుంచో పిలుపు వస్తే ఇంట్లో పెద్దలు ముందు వీసా గురించి, ఖర్చు గురించి అడుగుతారు. అవి అడగాల్సినవే. వాటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: అక్కడ కెమెరా ముందు మాట్లాడినవాళ్లకు రేపు ఏమవుతుంది?

బాయి నేర్పిన పాఠం

ఈ విషయం బొగ్గుబాయి ఇళ్లల్లో పెరిగినవాళ్లకు వేరేగా చెప్పనక్కర్లేదు. భూగర్భ గనిలోకి మామూలు ఫోన్ తీసుకుపోనివ్వరు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుడు జరుగుతుంది. అందుకే గనిలో వాడే ప్రతి విద్యుత్ పరికరానికీ భద్రతా అనుమతి ఉండాలి. ఎంత మంచి దృశ్యమైనా సరే, రూల్ రూలే.

2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి రోజు బాధిత కుటుంబం గడప దగ్గర మైకు ఎలా పట్టుకోవాలి, ఎప్పుడు పక్కకు జరగాలి అన్నది కెమెరా బుక్కులో ఉండదు. మాట్లాడిన కాంట్రాక్టు కార్మికుడి ముఖం వీడియోలో కనిపిస్తే మర్నాడు పని ఉంటుందో లేదో తెలియదు. గల్ఫ్‌లో కఫీల్ కింద పనిచేసే మనవాళ్లకూ ఇదే భయం. బాయి ప్రాంతం నుంచి వెళ్లే ట్రైనర్ దగ్గర ఈ అనుభవం ఉంటుంది. అదే అతని అసలు సరుకు.

పస్తాపూర్ మహిళలు చూపిన దారి

తెలుగు నేల మీద దీనికి మంచి ఉదాహరణ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దూరదర్శన్ అనుభవం ఉన్న పి.వి. సతీష్ ఒక వ్యవస్థాపకుడు. ఆ సంస్థ సంఘాల్లోని పేద దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. తర్వాత కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. 2008 అక్టోబర్ 15న మాచునూరులో 'సంఘం రేడియో' మొదలైంది.

ఇంగ్లిష్ కెమెరా పదాలు వాళ్లకు ఎక్కలేదు. దాంతో సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్', ఎందుకంటే దొర గద్దె మీద కూర్చుని అలాగే చూస్తాడు. కింది నుంచి పైకి చూసేది జీతగాడి షాట్. కళ్లకు కళ్లు సమానంగా ఉండేది 'సంఘం షాట్', ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. కెమెరా ఎక్కడ పెడితే మనిషి ఎలా కనిపిస్తాడో ఈ మూడు పేర్లు చెప్పేస్తాయి.

వరంగల్ రైతులు బీటీ పత్తితో పడ్డ కష్టాన్ని ఈ మహిళలే చిత్రీకరించారు. తర్వాత అదే ప్రశ్న పట్టుకుని మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా రైతుల దగ్గరికి కూడా వెళ్లారు. భాష తెలియకపోయినా పత్తి చేను తెలుసు, అప్పు తెలుసు. పరాయి దేశంలో నేర్పేవాళ్లు పట్టుకోవాల్సిన సూత్రం ఇదే: మన పదాలు వాళ్ల మీద రుద్దొద్దు, వాళ్ల పనిలోంచి, వాళ్ల బతుకులోంచి పదాలు తీయాలి.

ముఖం దాచడం కూడా నేర్పాలి

యూసుఫ్ ఒమర్ అనే జర్నలిస్టు 2016లో ఢిల్లీలో హిందుస్థాన్ టైమ్స్‌కు మొబైల్ ఎడిటర్‌గా పనిచేశారు. లైంగిక దాడికి గురైన యువతులు స్నాప్‌చాట్ ఫిల్టర్ వేసుకుని, ముఖం తెలియకుండా తమ కథ తామే చెప్పుకునేలా చేశారు. తర్వాత సుమయ్యా ఒమర్‌తో కలిసి 'హ్యాష్‌ట్యాగ్ అవర్ స్టోరీస్' స్థాపించి, రకరకాల దేశాల్లో మామూలు జనానికి ఫోన్‌తో వీడియో కథలు చెప్పడం నేర్పారు. మన దేశంలో ఇలాంటి బాధితుల పేరు, గుర్తింపు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. ఫిల్టర్ ఒక్కటే సరిపోదు. గొంతు, ఇల్లు, యూనిఫాం, వెనకాల బోర్డు కూడా మనిషిని పట్టిస్తాయి. శిక్షణలో ఇది మొదటి రోజే చెప్పాలి.

ట్రైనర్ కావడానికి ఎక్కడ నేర్చుకోవాలి?

బ్రిటన్‌లోని థామ్సన్ ఫౌండేషన్ 1962 నుంచి, జర్మనీలోని డీడబ్ల్యూ అకాడమీ 1965 నుంచి, దోహాలోని అల్ జజీరా మీడియా ఇన్‌స్టిట్యూట్ 2004 నుంచి జర్నలిస్టులకు శిక్షణ ఇస్తున్నాయి. 2018లో గూగుల్ మన దేశంలో ప్రకటించిన శిక్షణ కార్యక్రమంలో ముందు ట్రైనర్లను తయారుచేసి, వాళ్ల ద్వారా మిగతా జర్నలిస్టులకు నేర్పించారు. ఫొటో ఎప్పటిదో, వీడియో ఎక్కడిదో తేల్చడం అందులో ముఖ్యమైన పాఠం. అందులో తెలుగు కూడా ఒక భాష.

కాగితాలు, సామాన్లు

వీసా: విజిట్ వీసా మీద వెళ్లి జీతం తీసుకుని క్లాసులు చెప్పడం చాలా దేశాల్లో కుదరదు. పిలిచిన సంస్థ నుంచి లెటర్ తీసుకోండి. ఏ పనికి, ఎన్ని రోజులు, డబ్బు ఎవరిస్తారు అన్నవి అందులో ఉండాలి. అమెరికాలో వార్తల కవరేజీకి పర్యాటక వీసా పనికిరాదు, మీడియావాళ్లకు 'ఐ' వీసా వేరే ఉంది.

పాస్‌పోర్టు: పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. వాళ్లు సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్ లాంటి 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి.

కెమెరా: ఖరీదైన సామాన్లు తీసుకెళ్తుంటే బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌కు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. సీరియల్ నంబర్లు అందులో రాయించాలి. అది ఉంటే తిరిగి వచ్చేటప్పుడు మన సామానుకే డ్యూటీ కట్టే గొడవ రాదు.

బ్యాటరీలు: విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయొద్దు. 100 వాట్ అవర్ దాకా మామూలుగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్‌ను ముందే అడగాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే సుమారు 74 వాట్ అవర్.

డ్రోన్: అనుమతి లేకుండా తీసుకెళ్లొద్దు. దుబాయ్‌లో చవకగా దొరికిందని తీసుకురావద్దు కూడా. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిపై మన దగ్గర నిషేధం ఉంది.

అక్కడి చట్టం

యూఏఈలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఒప్పుకోలు లేకుండా ఒకరి ఫొటో తీసి వారి వ్యక్తిగత జీవితంలోకి చొరబడితే కనీసం ఆరు నెలల జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సౌదీలో 2007 నాటి చట్టం కింద ఫోన్ కెమెరాతో ఒకరి ప్రైవసీకి భంగం కలిగిస్తే ఏడాది దాకా జైలు, 5,00,000 రియాల్ దాకా జరిమానా ఉంది. లేబర్ క్యాంపులో ప్రాక్టీస్ కోసం తీసిన క్లిప్ కూడా కేసు కావచ్చు. ట్రైనర్ విమానం ఎక్కి వచ్చేస్తాడు, క్లిప్‌లో కనిపించిన కార్మికుడు అక్కడే ఉంటాడు.

అందుకని క్లాసులో ప్రాక్టీస్ ఒకరినొకరు షూట్ చేసుకుంటూ మొదలుపెట్టండి. బయటివాళ్లను తీసేటప్పుడు వాళ్లకు అర్థమయ్యే భాషలో మూడు విషయాలు చెప్పండి: ఎందుకు తీస్తున్నారు, ఎక్కడ వేస్తారు, వద్దంటే ఎలా తీసేస్తారు. ఒప్పుకున్నవాళ్లు తర్వాత మనసు మార్చుకుంటే బతిమాలొద్దు, తీసేయండి. ఒకరి మాట, ఒకరి ముఖం మన ఫోన్‌లో ఉందంటే అది మన దగ్గర అమానత్. ఈ ఒక్క అలవాటు విద్యార్థులకు పట్టుబడితే మిగతాది, అంటే కట్, ఎడిట్, సబ్‌టైటిల్, వారంలో నేర్పొచ్చు.