నేలకొండపల్లి పూర్వచరిత్రము

ఇట్టి సంచికలయందు వంశవృత్తాంతములును, గోత్రప్రవరలును, పూర్వపురుషుల ప్రశస్తులును ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. నేనీ మాఱు వంశమును విడిచి ఊరిని గూర్చి వ్రాయ నుద్దేశించితిని. ఏ కులమువారి కీర్తియైనను ఆ కులమువారి చేతనే నిర్మితము కాదు. ఊరును, ఏఱును, పొరుగువారును, ప్రభువులును కూడినగాని ఒక మహాపురుషుడు రూపొందడు. ఈ సంగతికి నేలకొండపల్లి కంటె తగిన నిదర్శనము తెలంగాణమున అరుదు.

నేలకొండపల్లి ఖమ్మము జిల్లాలో నొక మండలకేంద్రము. ఖమ్మము పట్టణమునకు నైరృతి దిక్కున సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్నది. పడమట పాలేరును, తూర్పున మున్నేరును ప్రవహించి కృష్ణలో గలియుచున్నవి. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడువఱకు ఈ ప్రాంతము వరంగల్లు జిల్లాలోనిది. ఈ ఊరి ప్రాచీననామము కొండపల్లి యని చెప్పుదురు. కృష్ణాతీరమున కొండమీది దుర్గముతో ప్రసిద్ధికెక్కిన కొండపల్లి మఱియొకటి యుండుటచే, నేలమీది కొండపల్లి యని దీనిని వేఱుచేసి పిలిచియుందురని నా యూహ. ఊహ ననియే పాఠకులు గ్రహింతురు గాక.

ఊరి ప్రజల నోట మొదట వినవచ్చునది విరాటరాజు కథ. పాండవులు పండ్రెండేండ్ల యరణ్యవాసము ముగించి, పదుమూడవ యేట అజ్ఞాతవాసము చేసిన విరాటనగర మిదియేనని యిచ్చటివారి విశ్వాసము. ఒక దిబ్బను విరాటరాజు దిబ్బ యందురు. ఒక గుండమును కీచకగుండ మందురు. భీముడు కీచకుని వధించిన స్థల మదియేనని చూపుదురు. భారతములోని విరాటుడు మత్స్యదేశాధిపతి. మత్స్యదేశము నేటి రాజస్థానమున నున్నదని పండితుల నిర్ణయము. జయపురమునకు ఉత్తరమున బైరాటు అను ఊరు నేటికిని ఆ పేరు వహించియున్నది. కావున చరిత్రదృష్టితో ఈ కథను ప్రమాణముగా గైకొన వీలులేదు.

అయినను ఈ కథను నవ్వి త్రోసివేయుటయు తగదు. తిక్కన సోమయాజి భారతరచనను విరాటపర్వముతోనే ఆరంభించెను. వానలు వెనుకబడిన యేట విరాటపర్వమును పారాయణము చేయించుట తెలుగుదేశమున చిరకాలాచారము. నీటికొఱకు ఆకాశమువైపు చూచు మెట్టసీమవారికి విరాటరాజు కొలువు తమ ఊరనే జరిగినదను నమ్మిక ఎంత ప్రియమైనదో చెప్పనక్కఱలేదు. మఱియొక విశేషము గలదు. రాజస్థానమునందలి బైరాటులోను బౌద్ధావశేషములు బయల్పడినవి; అశోకుని శాసన మొకటి యచ్చట దొరకినది. ఈ రెండు ఊళ్లలోను విరాటుని పేరును, బుద్ధుని జాడయు ఒక్కచోటనే యుండుట గమనింపదగినది. ఎవరు కట్టిరో జ్ఞప్తికి రాని గొప్ప కట్టడమును చూచినప్పుడు జనులు తమకు తెలిసిన మిక్కిలి గొప్ప కథను దానికి ముడివేయుదురు. అమరావతి స్తూపమును దీపాలదిన్నె యనిరి. జగ్గయ్యపేట స్తూపమున్న చోటును ధనబోడు అనిరి. నేలకొండపల్లివారు విరాటరాజు దిబ్బ యనిరి. కథ మాఱినను ఇచ్చట నేదియో ఘనమైనది యుండెనను జ్ఞాపకము మాత్రము చెడలేదు.

ఆ ఘనమైనది యేమో గత శతాబ్దపు ఉత్తరార్ధమున పురావస్తుశాఖవారి త్రవ్వకములవలన తెలియవచ్చినది. ఊరి చెంత సుమారు 100 ఎకరముల మేర మట్టికోట జాడలున్నవి. ముజ్జుగూడెము సమీపమున ఇటుకలతో గట్టిన మహాస్తూప మొకటి వెలువడెను. విహారముల పునాదులు, బావులు, తొట్లు, మట్టిబొమ్మలు, సున్నపుఱాతిలో చెక్కిన చిన్న స్తూపము, కంచుతో పోసిన బుద్ధవిగ్రహము దొరకినవి. వీనిని క్రీస్తుశకము 3, 4 శతాబ్దములకు చెందినవిగా నిర్ణయించిరి. అది విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు కృష్ణాతీరము నేలిన కాలమును, దాని వెంటనే వచ్చిన కాలమును.

ఆ యిక్ష్వాకుల ధర్మసరళి నేటివారికి ఆలోచన పుట్టింపదగినది. మొదటి శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాది వైదికక్రతువులు చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ నాగార్జునకొండ లోయలోని బౌద్ధ మహాచైత్యమునకు దాత్రి. ఒకే యింట యజ్ఞధూమమును, చైత్యదీపమును పొరపొచ్చెములేక యుండెను. దాతలు రాచవారు మాత్రమే కారు. నేలకొండపల్లికి పడమటగా పాఱు పాలేరు తీరముననే జగ్గయ్యపేట స్తూపమున్నది. అచ్చటి శాసనమున, వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున సిద్ధార్థుడను ఒక శిల్పి తన తల్లిని, భార్యను, సంతానమును పేర్కొని ఐదు ఆయకస్తంభముల నొసంగినట్లున్నది. ఒక పనివాని పేరు పదునేడు శతాబ్దములు దాటి నేటికి నిలిచినది. నేలకొండపల్లి స్తూపమునకు ఇటుకలు మోసినవారును, ధనమిచ్చినవారును ఇట్టివారే యని తలంచుట న్యాయము.

ఇట్టివి పోగొట్టుకొనుట యెంత సులభమో అమరావతి చెప్పును. 18వ శతాబ్ది చివర ఆ దిన్నెను త్రవ్వి ఇటుకలను, ఱాళ్లను కట్టడములకు వాడుకొనిరి. 1797లో మెకంజీదొర చూచునాటికే వినాశము మొదలైయుండెను. మిగిలిన శిల్పములు చాలభాగము చెన్నపట్టణమునకును, లండనునకును చేరినవి. నేలకొండపల్లి స్తూపమును పురావస్తుశాఖవారు పునరుద్ధరించుట మన భాగ్యము. దాని చుట్టునున్న దిబ్బలను కాపాడుట మాత్రము ఊరివారి పని.

ఇక మన సభవారు ఈ ఊరి పేరు వినగానే తలంచు మహాపురుషుని విషయము. కంచెర్ల గోపన్న, లోకమున భక్తరామదాసు, ఈ ఊరనే జన్మించెను. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి కుటుంబమువాడు. 1620 ప్రాంతమున జననమని సాంప్రదాయికముగా చెప్పుదురు. గోలకొండ మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి. వారి యాదరణమున పాల్వంచ పరగణాకు తహసీలుదారై, భద్రాచలమున రామాలయమును కట్టించెను. పన్నుగా వసూలైన సొమ్మును, ఆఱులక్షలని ప్రసిద్ధి, ఆలయమునకును ఆభరణములకును వ్యయపఱచెను. తానాషా ప్రభువు ఆయనను గోలకొండ చెఱలో పండ్రెండేండ్లుంచెననియు, రామలక్ష్మణులు సొమ్ము చెల్లించి విడిపించిరనియు కథ.

కాలగణనము ఇచ్చట కొంత చిక్కు కలిగించును. తానాషా 1672లో సింహాసన మెక్కెను. మాదన్న ప్రధానత్వమునకు వచ్చినది అటుపిమ్మట. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. మాదన్న ప్రాబల్యమెల్ల కలిపి చూచిన పండ్రెండేండ్లకు మించదు. ఉద్యోగప్రాప్తి, ఆలయనిర్మాణము, బాకీ, విచారణ, ఆపై పండ్రెండేండ్ల చెఱ, తుదకు తానాషా చేతనే విడుదల: ఇవన్నియు ఆ కాలములో నిముడవు. కావున ఉద్యోగమైనను మాదన్న ప్రధాని కాకముందే వచ్చియుండవలెను. లేదా చెఱ పండ్రెండేండ్లకు తక్కువయై యుండవలెను. పండ్రెండు అను సంఖ్య మన పురాణములకు ప్రియమైనది. పాండవుల వనవాసము పండ్రెండేండ్లు. విరాటుని కథను నెమరువేయు ఊరివాని కష్టమునకు ఆ కొలతయే తగులుట సహజము. కబీరుదాసు గోపన్నకు తారకమంత్ర ముపదేశించెనను కథయు నిట్టిదే. కబీరు 15వ శతాబ్దివాడు. ఆ పేరు గల మఱియొక సాధువో, ఆయన సంప్రదాయమువాడో కావచ్చును. ఇట్లు విచారించుటవలన భక్తుని మహిమకు కొఱత రాదు. చెఱ పండ్రెండేండ్లైనను, రెండేండ్లైనను, అందులోనుండి వెలువడిన కీర్తనలు కీర్తనలే. త్యాగరాజస్వామివంటివాడు రామదాసును తన కృతులలో స్మరించెను; అంతకంటె వేఱు ప్రమాణ మేల?

ఇంతకంటె కష్టమైన ప్రశ్న యొకటి గలదు. ప్రభుత్వధనమును ప్రభువు అనుమతిలేక దేవునకు వెచ్చించుట ధర్మమా? మన సభలలో దీనిని అడుగుటకు సంకోచింతురు. తరతరములు లెక్కలు వ్రాసి బ్రతికినవారము మనము. మనమే అడుగకున్న నెవరడుగుదురు? గోపన్న లెక్కను దాచినవాడు కాడు. ఏ నగ యెవరికి చేయించెనో, ఎంత వ్రయమయ్యెనో ఒక కీర్తనలో తానే స్వామికి వినిపించెను. నిష్ఠురములాడుచునే పద్దు అప్పగించెను. కథను కూడ నిదానించి చూడుడు. రామలక్ష్మణులు తానాషాను శపింపలేదు. బాకీ లేదనలేదు. సొమ్ము పూర్తిగా చెల్లించి, చెల్లుచీటి పుచ్చుకొని పోయిరి. అనగా, ఎంతటి పుణ్యకార్యమైనను ప్రజల సొమ్మునకు లెక్క తీరవలసినదే యని ఈ కథను చెప్పుకొనిన సామాన్యజనుల తీర్పు. దేవుడు సైతము రసీదు లేక కదలలేదు. ధర్మనిధులు, సత్రములు, విద్యార్థివసతులు నడుపు ప్రతి సంఘమునకును ఈ తీర్పే ప్రమాణము కాదగును.

గోపన్న మనవాడని చెప్పుకొనుటలో తప్పులేదు. ఆయన మనవాడు మాత్రమే యనుట తప్పు. భద్రగిరిపై విగ్రహములను మొదట కనుగొని, తాటాకుపందిరి వేసి, పండ్లు నివేదించి పూజించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డ యని స్థలకథ. గోపన్న కట్టించినది ఆమె పందిరి యున్నచోటనే. మంత్రోపదేష్ట కబీరుపంథీయుడని కథ. చెఱయందుంచినవాడును, విడిచినవాడును తురుష్కప్రభువు. శ్రీరామనవమి కల్యాణమునకు ముత్యముల తలంబ్రాలను ప్రభుత్వపక్షమున పంపు ఆచారము తానాషాతో మొదలైనదని ప్రసిద్ధి. ప్రభుత్వములు మాఱినను అది నేటికిని సాగుచున్నది. ఆ తానాషాయు తుదకు దౌలతాబాదు కోటలో సుమారు పండ్రెండేండ్లు బందీయై మరణించెను. కోయపల్లె, గోలకొండ దర్బారు, నేలకొండపల్లి లోగిలి కలిసినగాని రామదాసు లేడు.

నేటి నేలకొండపల్లి పాడిపంటల ఊరు. వరిచేలు, చెఱకుతోటలు కన్నుల పండువుగా నుండును. మండలములోని రాజేశ్వరపురమున చక్కెర కర్మాగారము వెలసినది. ఈ సంపదకు మూలము నీరు. నిజాముల కాలమున పాలేరునకు కట్టిన చెఱువు, పిమ్మట నాగార్జునసాగరపు ఎడమకాలువకు నడిమి జలాశయమై, ఈ సీమను తడుపుచున్నది. 2017 జనవరి 31వ తేదీన ఆ జలాశయమునుండి మెట్టపొలములకు నీరెత్తు పథకము నారంభించి, దానికి భక్తరామదాసు పేరే పెట్టిరి. ఇందొక విచిత్రము గలదు. ఏ సాగరజలము ఇక్ష్వాకుల విజయపురిని ముంచినదో, ఆ జలమే అదే కాలమున బౌద్ధక్షేత్రమై వెలిగిన ఈ ఊరి పొలములను పండించుచున్నది. విజయపురి శిల్పములను మునుగకమున్నే దీవిపైకి చేర్చిరి గనుక మిగిలినవి. సమృద్ధి వచ్చినచోట పాతదానికి ఆపద తప్పదు. ముందుగా మేల్కొనినవారికే అది దక్కును.

మఱియొక సామ్యమును చెప్పి విరమింతును. బౌద్ధగ్రంథములు బుద్ధుని శాక్యవంశమును ఇక్ష్వాకునితో ముడిపెట్టినవి. స్తూపముల కాలపురాజులు ఇక్ష్వాకులమని చెప్పుకొనిరి. గోపన్న కొలిచిన రాముడును ఇక్ష్వాకుకులజుడే. ఒకే పేరు మూడు తెఱగుల ఈ నేలను తాకినది.

పోషకులకు నా మనవి యిది. 1984లో గ్రామాధికారుల పద్ధతి రద్దైన పిమ్మట పట్వారీ కుటుంబముల అటుకలపై పాతకాగితములు పెక్కు చెదలపాలగుచున్నవి. గ్రామపు హద్దులు, చెఱువుల లెక్కలు, మాన్యముల వివరములు, దిబ్బల పేర్లు వానిలో నుండవచ్చును. మీ యిండ్లలో నట్టివి యున్నయెడల వచ్చు మహాసభలోపల దుమ్ము దులిపి, ప్రతులు తీయించి, మూలములను రాష్ట్ర ప్రాచీనపత్రాగారమునకు చేర్పుడు. గోపన్న తన లెక్కను పాటగా వ్రాసి మనకు మిగిల్చెను. మన తాతలు వ్రాసిన లెక్కలను కాగితముగానైన మిగుల్చుట మన విధి.