పురపాలక పీఠం నుండి మంత్రిపదవికి

అమలాపురం తాలూకా అవిభక్త గోదావరి జిల్లాలో భాగంగా ఉన్న కాలమది. 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, ఆ జిల్లాలోని రాజమండ్రికి టంగుటూరి ప్రకాశం పంతులు మునిసిపల్ చైర్మన్ అయినారు. పిదప ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై, 1907లో తిరిగివచ్చి మద్రాసులో న్యాయవాదిగా పేరు గడించారు. 1921లో ఆ వృత్తిని విడిచి స్వాతంత్ర్యోద్యమంలో ప్రవేశించారు. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయినారు.

ఆ పదవిలో ఆయన చేపట్టిన ముఖ్యమైన ప్రశ్న: భూమి ఎవరిది? ఆయన అధ్యక్షతన ఏర్పడిన జమీందారీ విచారణ సంఘం, భూమికి యజమాని రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ 1938లో తేల్చిచెప్పింది. 'రైతు' అనే మాటకు మూలం అరబ్బీలోని 'రఇయ్యత్'. కాపరి సంరక్షణలోని మంద అని దాని తొలి అర్థం. పాలకుని సంరక్షణలోని ప్రజ అని తరువాతి అర్థం. సంరక్షణను మరచి శిస్తును మాత్రమే గుర్తుంచుకొన్న వ్యవస్థను ఆ నివేదిక ప్రశ్నించింది.

1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో ఆ సిఫారసులు చట్టరూపం దాల్చలేదు. 1946లో ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రి అయినా, ఏడాది నిండకుండానే పదవి వీడవలసివచ్చింది. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. రైతుకు ఆ హక్కు దక్కిన నాడు, అందుకు బాట వేసిన మంత్రి అధికారంలో లేరు.