కొలరాడోలో ఈవీ కొన్నారా? ఈ లెక్క తప్పితే జరిమానా!

అమెరికాలోని కొలరాడోలో 80 వేల డాలర్లలోపు కొత్త ఎలక్ట్రిక్ కారును 2025లో కొన్నవారికి రాష్ట్ర ఆదాయ పన్నులో 3,500 డాలర్ల రాయితీ ఉంది. 2024లో ఇది 5,000 డాలర్లు. అయితే కొనేటప్పుడే ఆ రాయితీని డీలర్‌కు బదలాయించి ధర తగ్గించుకున్నవారు రిటర్న్‌లో మళ్లీ క్లెయిమ్ చేయడం కుదరదు. ఎలాగూ వస్తుంది కదా అని ముందస్తు పన్ను తక్కువ కడితే జరిమానా పడే ప్రమాదం ఉంది.

జీతంలో కోసిన పన్ను, తిరిగొచ్చే రాయితీలు పోగా ఇంకా 1,000 డాలర్లకు పైగా బాకీ ఉండేలా ఉంటే ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి వాయిదాల్లో ముందే చెల్లించాలి. ఏడాది పన్నులో 70 శాతం సకాలంలో కట్టేస్తే జరిమానా ఉండదు. ఉద్యోగులైతే ఆఫీసులో చెప్పి జీతంలో కోత పెంచుకున్నా సరిపోతుంది.