బడిజీతం, బిడ్డకూలి

“పేదవాడికి చదువు విలువ తెలియదు” అనే మాట మన విద్యాధికుల నోట తరచు వింటూ ఉంటాము. చరిత్రలో దీనికి ఆధారమేమిటని వెదికితే, పాలకవర్గాల సాకు తప్ప నాకు మరేమీ కనిపించలేదు.

జపాన్‌ను తీసుకుందాము. 1872లో మెయిజీ ప్రభుత్వం ప్రతి ఇంటి బిడ్డా బడికి వెళ్ళాలన్నది. కాని ఖర్చును గ్రామాల మీద, బడిజీతాన్ని కుటుంబాల మీద మోపింది. 1873లో తిరగబడిన రైతులు నిర్బంధ సైనికసేవనూ బడినీ ఒకే గాట కట్టి, కొన్నిచోట్ల బడులను తగులబెట్టారు. వారు అక్షరద్వేషులా? కారు. అంతకు ముందు, మన వీధిబడుల వంటి తెరకోయాలను పోషించినది సామాన్య ప్రజలే. పసివాళ్ళను మోసే ఆడపిల్లల కోసం తర్వాత ప్రత్యేక బడులు వెలిశాయి. వీపున శిశువును కట్టుకొనే వారు పాఠం విన్నారు. 1900లో ప్రాథమిక విద్యకు బడిజీతం రద్దయింది. కొద్ది ఏండ్లలో చేరిక నూటికి 90 దాటింది. రద్దు ఒక్కటే కారణమని నేననను. అది లేకుండా సాధ్యమయ్యేదని మాత్రం నమ్మను.

ఇంగ్లండులో 1880లో చదువు నిర్బంధమైనా, బడిజీతం తొలగడం 1891లో మొదలైంది. లాంకషైర్ నూలు మిల్లుల్లో పిల్లలకు సగం పూట పని, సగం పూట బడి. ఆ పద్ధతిని ఎత్తివేయవద్దని కార్మికులే పట్టుబట్టారు. బిడ్డకూలి ఇంటి లెక్కలో కలిసిపోయింది మరి! దానిని తొలగించడానికి 1918 చట్టం కావలసివచ్చింది.

మనదేశంలో 1911లో గోఖలే తెచ్చిన ప్రాథమిక విద్యా బిల్లు మరుసటి ఏడు 38–13 ఓట్లతో వీగిపోయింది. ప్రజలే నిర్బంధ విద్యను కోరడం లేదన్నది సర్కారు వాదన!

అయితే పేదరికమే సర్వకారణమనడం కూడా పొరపాటు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ జీతగాళ్ళుగా ఉన్న పిల్లలను విడిపించి, శిబిరాల్లో చదివించి, బడుల్లో చేర్పించింది. ఆ తల్లిదండ్రులు ధనికులైపోలేదు. వెంట నిలిచేవారు దొరికినప్పుడు, కూలి పోయినా ఓర్చుకొని పంపారు. అంటే ఇంటిని ఆపినది లేమి ఒక్కటే కాదు. తన బిడ్డకు బడిలో చోటున్నదనే నమ్మకం లేకపోవడం కూడా.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలుకు వచ్చింది. హక్కు కాగితం మీద ఉన్నది. బడికి రాని బిడ్డను గురించి ఉపాధ్యాయుడు “ఆ తల్లిదండ్రులకు తెలివి లేదా?” అని కాక, “మన బడి ఆ ఇంటినుంచి ఏమి తీసుకుంటున్నది, ఏమి ఇస్తున్నది?” అని అడిగిననాడే అది ఇంటి గడప తొక్కుతుంది.