పెక్కండ్రు: మధ్యయుగాంధ్ర వర్తకుల పరస్పర సంబంధాలు – ఒక పరిశీలన

మధ్యయుగాంధ్ర వాణిజ్యాన్ని గురించి రాసేవారు సాధారణంగా మోటుపల్లి శాసనంతో మొదలుపెడతారు. కాకతి గణపతిదేవుడు (పాలన 1199–1262) శక సంవత్సరం 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, సముద్ర వర్తకులకు అభయమిచ్చిన ఆ శాసనం చరిత్ర గ్రంథాలలో రాజు ఔదార్యానికి నిదర్శనంగా స్థిరపడింది. ఆ ఔదార్యాన్ని కాదనవలసిన పని లేదు. అయితే అభయం ఇచ్చినవానిని గురించి చర్చించినంతగా దానిని పొందినవారిని గురించి మనం చర్చించలేదు. నాలుగు ఎద్దుల మీద పెరికలు వేసుకొని ఊరూరా తిరిగిన చిన్న వర్తకుడు ఏ బలంతో వ్యాపారం చేశాడు? తనను ఎరుగని ఊరిలో అతనికి అప్పు పుట్టడానికి, సరుకు దక్కడానికి ఆధారం ఏమిటి? శాసనాలలో కనిపించే వర్తక సమూహాల ఆధారంగా ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లు చెప్పే సంగతి

కాకతీయ కాలపు తెలుగు శాసనాలలో వర్తకులు తరచుగా ‘పెక్కండ్రు’గా కనిపిస్తారు. ‘పెక్కు’ అనే సంఖ్యావాచకం నుండి ఏర్పడిన మహద్వాచక బహువచన రూపమిది. పలువురు, అనేకులు అని అర్థం. దీనికి ముందు ‘స్వదేశి’, ‘పరదేశి’, ‘ఉభయ నానాదేశి’ అనే విశేషణాలు చేరుతుంటాయి. స్థానికంగా ఉండి అమ్ముకునేవారు, బయటినుండి వచ్చేవారు, అనేక దేశాలతో సంబంధమున్నవారు అని వీటిని స్థూలంగా అర్థం చేసుకోవచ్చు. పట్టణంలో స్థిరపడిన వర్తకుల సమూహానికి ‘నకరము’ అని పేరు. కర్ణాటకలోని ఐహొళెను తమ మూలస్థానంగా చెప్పుకొన్న అయ్యావళి ఐదునూర్వురు, వేంగి ప్రాంతపు నూనెగానుగలవారైన తెలికి వేవురు సంఖ్యనే పేరుగా చేసుకొన్నారు.

ఐదునూర్వురంటే సరిగ్గా ఐదువందలమంది అని గాని, వేవురంటే వేయిమంది అని గాని లెక్కించనక్కరలేదు. ఇక్కడ సంఖ్య ఒక హామీ. ఒక వర్తకుడు తాను ఐదునూర్వురలో ఒకడినని చెప్పుకొన్నప్పుడు, తన వెనుక ఉన్న సమూహాన్ని పూచీగా చూపుతున్నాడని భావించవచ్చు. ఒంటరి వర్తకుని మాటకు లేని విలువ ఆ పేరుతో వచ్చింది.

ఆలయం, అంగడి, నమ్మిక

ఈ సమూహాల శాసనాలలో ఎక్కువభాగం దానశాసనాలు. అమ్మకానికి వచ్చిన ప్రతి పెరికకు, ప్రతి బరువుకు ఇంత చొప్పున దేవునికి ఇవ్వాలని వర్తకులు తమలో తాము నిర్ణయించుకొని రాతిమీద చెక్కించారు. ధాన్యం, నూనె, ఉప్పు, వక్కలు, మిరియాల వంటి సరుకులు ఈ జాబితాలలో కనిపిస్తాయి. రాజు విధించే సుంకానికి ఇది వేరు. వర్తకులు తమపై తామే విధించుకొన్న రుసుము ఇది.

ఇందులోని భక్తిని తక్కువచేసి చూడరాదు. దానితోపాటు ఇటువంటి ఏర్పాటు సాధించే లౌకిక ప్రయోజనాన్ని కూడా గమనించాలి. శాసనాలు దానిని నేరుగా చెప్పవు. ఏర్పాటు స్వరూపాన్ని బట్టి ఊహించవలసి ఉంటుంది. ప్రతి పెరికకు రుసుము తీయాలంటే ఎవరు ఎంత సరుకు తెచ్చారో లెక్క ఉండాలి. లెక్క ఉన్నచోట ఎవరు సక్రమంగా చెల్లించారో, ఎవరు ఎగవేశారో నలుగురికీ తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాడు కూడా రుసుము చెల్లించి ఆ నలుగురి ఎరుకలోకి వస్తాడు. ఆ విధంగా ఆలయ మండపం వర్తకుల మంచిచెడ్డలు తెలిసే స్థలమైంది. పెద్ద వర్తకునికి అతని సంపదే పూచీ. చిన్న వర్తకునికి పూచీగా నిలిచేది ఈ ఎరుకే.

వినుకొండ వల్లభరాయని పేరిట ఉన్న ‘క్రీడాభిరామము’లో మంచనశర్మతో కలిసి ఓరుగల్లు వీధులలో తిరిగే మిత్రుడు టిట్టిభసెట్టి. ఒక బ్రాహ్మణుడు, ఒక సెట్టి స్నేహంగా రాజధానిని చుట్టిరావడం కవికి సహజమైన సన్నివేశంగా తోచిందంటే, వర్తకుని సంబంధాలు అంగడి గడప దాటి ఎంతదూరం విస్తరించాయో ఊహించవచ్చు.

సముద్రం ఆవల

ఈ సంబంధాలు తెలుగు, కన్నడ, తమిళ ప్రాంతాలకే పరిమితం కాలేదు. సుమత్రా దీవిలోని బరుస్ వద్ద దొరికిన 1088 నాటి తమిళ శాసనం అయిదునూర్వురను పేర్కొంటుంది. అక్కడికి చేరే ఓడలవారు చెల్లించవలసిన రుసుమును కూడా అది నిర్దేశిస్తుంది. బర్మాలోని పగాన్‌లో 13వ శతాబ్దికి చెందిన శాసనం నానాదేశుల పేరుతో ఉన్న విష్ణ్వాలయానికి మలబారు వర్తకుడొకడు చేసిన దానాన్ని తెలుపుతుంది. స్వదేశంలో ఆలయం, రుసుము, సమూహం కలిసి నడిచిన పద్ధతే పరదేశంలోనూ కొనసాగిందని వీటివల్ల తెలుస్తుంది.

ఈ నేపథ్యంలో మోటుపల్లి శాసనాన్ని మళ్లీ చదవాలి. తుఫానుకు చెదరి తమ తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారని గణపతిదేవుడే అందులో చెబుతాడు. ప్రాణంకంటె ధనమే మిన్న అని సాహసించి సముద్రయానం చేసేవారిపై దయతో, కీర్తికోసం, ధర్మంకోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా విడిచిపెడుతున్నానంటాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పదింట ఒక వంతు.

రాజు చెప్పిన కారణాలు దయ, కీర్తి, ధర్మం. వాటి సరసన మరొక కారణాన్ని చేర్చవచ్చు. పరస్పర సంబంధాలున్న వర్తకుల మధ్య వార్త నిలవదు. ఒక రేవులో సరుకు దోచుకొన్నారన్న మాట తక్కిన రేవులన్నిటికీ పాకుతుంది. ఓడలు వేరే రేవు చూసుకొంటాయి. ఒక్కొక్క వర్తకుడు విడిగా రాజును ఏమీ అడగలేడు. వారందరి రాకపోకలు కలిసి రాజును ఆలోచింపజేస్తాయి. సుంకాన్ని రహస్యంగా కాక రాతిమీద ప్రకటించవలసిరావడం ఆ ఒత్తిడికి గుర్తు కావచ్చు.

కాకతీయ రాజ్యం 1323లో పతనమైన తరువాత జరిగినది ఈ ఊహను బలపరుస్తుంది. కొండవీటి అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ హామీలు ఇవ్వవలసివచ్చింది. వచ్చి స్థిరపడేవారికి ఆదరణ, తిరిగి వెళ్లదలచినవారికి స్వేచ్ఛ, కొన్ని సుంకాల తగ్గింపు, సంతానం లేనివారి ఆస్తిని రాజు తీసుకొనే ఆచారం రద్దు ఆ హామీలలో ముఖ్యమైనవి. ఆ శాసనం సంస్కృత, తెలుగు, తమిళ భాషలు మూడింటిలోనూ ఉంది. తెలుగు నేలపై తమిళంలో కూడా చెక్కించారంటే చదవవలసినవారెవరో రాజుకు స్పష్టంగా తెలుసు.

అవచి తిప్పయసెట్టి, పేరులేనివారు

వర్తక సంబంధాలకు మన సాహిత్యంలో లభించే గొప్ప సాక్ష్యం శ్రీనాథుని ‘హరవిలాసము’. దాని కృతిపతి అవచి తిప్పయసెట్టి కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు. సింహళం, హురుమంజి, చీనా మొదలైన చోట్లనుండి అతడు ఏ వస్తువులు తెప్పించాడో అవతారిక వర్ణిస్తుంది. స్తుతిలో అతిశయం ఉండవచ్చు. అయినా ఆ స్థలాల వరుస ఒక వర్తక కుటుంబపు సంబంధాల పటంగా నిలుస్తుంది.

అయితే తిప్పయసెట్టికి కావ్యం దక్కింది. అతని ఓడలు తెచ్చిన సరుకును సంతలకు చేరవేసినవారికి దక్కినది ‘పెక్కండ్రు’ అనే ఒక్క మాట. కావ్యాల ఆధారంగా మాత్రమే వాణిజ్యచరిత్ర రాస్తే ఇద్దరు ముగ్గురు ధనికుల చరిత్రే మిగులుతుంది. పేరులేనివారిని చూపేవి దానశాసనాలే.

మరొకవైపు

ఈ సంబంధాలను కేవలం ప్రశంసించడం కూడా సరికాదు. లోపలివారిని కాపాడే గోడ బయటివారికి అడ్డు. 11వ శతాబ్ది చివరినాటి టేకి తామ్రశాసనం తెలికివారికి వివాహ సమయంలో వధూవరులు గుర్రమెక్కి వీధులలో ఊరేగే గౌరవాన్ని ఇచ్చింది. శ్రమజీవుల సమూహానికి అటువంటి మర్యాద లభించడం విశేషమే. కాని అది వంశపారంపర్య హక్కు. వృత్తివల్ల ఏర్పడిన కూటమి పుట్టుకవల్ల కలిగే అర్హతగా మారినప్పుడు, అదే పని కొత్తగా నేర్చి బతకదలచినవానికి చోటు తగ్గుతుంది. పెక్కండ్రలో ఎవరు చేరగలిగారు, ఎవరు చేరలేకపోయారు అన్నది ప్రత్యేక పరిశోధన జరగవలసిన అంశం.

ముగింపు

తెలుగులో ‘పరపతి’ అనే మాటకు రెండర్థాలున్నాయి: అప్పు ఒకటి, పలుకుబడి మరొకటి. ‘సహకార పరపతి సంఘం’ అన్నప్పుడు మొదటిది, ‘ఊళ్లో పరపతి గలవాడు’ అన్నప్పుడు రెండవది. నలుగురిలో పలుకుబడి ఉన్నవానికే అప్పు పుడుతుందన్న అనుభవం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. చిన్న వ్యాపారికి పెట్టుబడికంటె ముందు పరిచయం కావాలని నేడు చెప్పేవారు కొత్త సూత్రమేదీ చెప్పడం లేదు. మోటుపల్లి శాసనాన్ని రాజు ఇచ్చిన అభయంగా చదువుతూ వచ్చాం. పెక్కండ్రు తమ సంబంధాలతో సంపాదించుకొన్న అభయంగా కూడా దానిని చదవవలసి ఉంది.