జెల్డా రెండవ భాగం: ఒక నింద, ఒక ఇష్టం

అన్నగారు పెద్దపేరు తెచ్చుకున్న ఇంట తమ్ముడిగా పుట్టడంలోని కష్టం 'జెల్డా 2: ది అడ్వెంచర్ ఆఫ్ లింక్' అనే వీడియో ఆటను చూస్తే తెలుస్తుంది. జపాను సంస్థ నింటెండో 1986 ఫిబ్రవరిలో విడుదల చేసిన మొదటి జెల్డాలో లింక్ అనే కుర్రవాడు, పైనుంచి చూసే పటంలాంటి లోకంలో తోచిన దిక్కుకు తిరుగుతాడు. ఏడాది తిరగకుండానే, 1987 జనవరిలో, రెండవది వచ్చింది. ఇందులో పటం పైనుంచే కనిపిస్తుంది గాని, శత్రువు తగలగానే తెర పక్కచూపుకు మారి కత్తియుద్ధం మొదలవుతుంది. పాయింట్లు కూడబెట్టి దాడి, మంత్రం, ప్రాణం అనే మూడు బలాలనూ మెట్టుమెట్టుగా పెంచుకోవాలి. అన్న పోలికలు అంతంతమాత్రమే. షిగెరు మియమోతో నిర్మాతగా ఉన్నా, దర్శకులు వేరు. అభిమానులు నాటినుంచి నేటివరకు దీని విషయంలో రెండుగా చీలిపోయే ఉన్నారు.

నిందలలో నిజం లేకపోలేదు. ఇచ్చేవి మూడే ప్రాణాలు. అవి అయిపోతే, ఎంత దూరం పోయినవాడైనా, రాకుమారి నిద్రిస్తున్న ఉత్తర ప్రాసాదానికి తిరిగి రావలసిందే. చివరి కోట ఒక్కటే ఇందుకు మినహాయింపు. తరువాతి మెట్టుకోసం దాచుకున్న పాయింట్లు సున్నా అవుతాయి. జపాను డిస్కు ప్రతిలో ఇంకా ఘోరం: మూడు బలాలలో ఏది తక్కువగా ఉందో, మిగిలిన రెండూ దాని స్థాయికి పడిపోయేవి. 1988 చివర అమెరికాకు బంగారు రంగు కార్ట్రిడ్జిలో వెళ్ళినప్పుడు ఆ శిక్షను తీసివేశారు.

ఇక ఆధారాలు చెప్పే తీరు మరీ విడ్డూరం. ఒక ఊళ్ళో ఒకాయన "నా పేరు ఎర్రర్" అని ఊరుకుంటాడు. ఆట చెడిపోయిందేమోనని కంగారుపడినవాళ్ళు ఎందరో. అసలు సంగతేమంటే అడవిలో ఇతనికి జోడీగా మరొకడున్నాడు. వాడి పేరు 'బగ్'. రెండూ కంప్యూటరు తప్పుల పేర్లే, ఒక చిన్న వేళాకోళం. ఆంగ్లంలోకి వచ్చేసరికి ఎర్రర్ సరిగానే దిగాడు గాని, రెండవవాడు జపాను ఉచ్చారణతోనే 'బాగు'గా మిగిలిపోయి హాస్యం కాస్తా ఎగిరిపోయింది. (తప్పుకు 'బాగు' అని పేరు! మన తెలుగువాళ్ళకు మాత్రం వేరే హాస్యం మిగిలింది.)

నేను ఈ ఆట ఆడింది చాలా ఆలస్యంగా, 2019లో నింటెండో స్విచ్ ఆన్‌లైన్ సేవలో చేరిన తరువాత. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకునే సదుపాయం అందులో ఉంది. అడుగడుగునా దాచుకుంటూ, చచ్చినప్పుడల్లా వెనక్కి పోతూ మూడు కోటలు దాటాను. నిజం చెప్పవద్దూ, ఏమీ అనిపించలేదు. తప్పు ఆటదే అనుకుని పక్కన పెట్టేశాను.

కొన్ని నెలల తరువాత, ఎందుకో, ఆ సదుపాయం ముట్టుకోకుండా మొదటినుంచి మొదలుపెట్టాను. కోటల్లో ఐరన్ నకిల్ అనే కవచధారి ఎదురవుతాడు. డాలు పైకెత్తితే కింద పొడవాలి, దించితే పైన. వాడూ మన డాలును అలాగే కనిపెడుతూ ఉంటాడు. బటన్లు గబగబా నొక్కితే పని జరగదు. మొదట్లో వాడి చేతిలో లెక్కలేనన్నిసార్లు చచ్చాను. మృత్యుపర్వతపు గుహల చిక్కుల్లో గొడ్డళ్ళు విసిరే బల్లిమూకల చేతిలో మరెన్నిసార్లో. కాని ఓడిపోతే మళ్ళీ అంత దూరం నడవాలన్న భయముంది చూశారా, ఆ భయమే వాడి డాలు కదలికను శ్రద్ధగా చూడమన్నది. ఒకనాటి రాత్రి ఆలోచించకుండానే నా కత్తి సరైన చోట పడింది. ఆ దూరపు నడకను నేటికీ లోపమనే అంటాను. అది లేకపోతే ఆ రాత్రి లేదని కూడా అంటాను. ఈ రెండు మాటలనూ కలపడం నా వల్ల కాలేదు.

1991లో వచ్చిన తరువాతి జెల్డా మళ్ళీ పైచూపుకే వెళ్ళింది, కాని మంత్రశక్తి కొలతను మాత్రం ఇక్కడినుంచే పట్టుకుపోయింది. 1998 నాటి 'ఒకరీనా ఆఫ్ టైమ్' అయితే రౌరు, రుటో, సారియా, నబూరు, దరూనియా అన్న ఈ ఆటలోని ఊళ్ళ పేర్లను తన జ్ఞానులకు పెట్టుకున్నది. దాన్ని మెచ్చుకున్నవారిలో ఎందరు ఆ ఊళ్ళు తొక్కారో!

చివరి యుద్ధం లింక్‌కు తన నీడతోనే. అన్ని నెలలు నేర్చుకున్న కత్తిసాముకు అది అసలైన పరీక్ష కావలసింది. కాని ఎడమ మూలన కూర్చుని కత్తి ఆడిస్తూ ఉంటే నీడే వచ్చి దెబ్బలు తిని చస్తుందని పాత ఆటగాళ్ళందరికీ తెలుసు. నాలుగుసార్లు నిలబడి పోరాడి ఓడాను. అయిదవసారి నేనూ ఆ మూలనే కూర్చున్నాను.